ఓడీఏ ప్యాచింగ్ ఆసాంతం: ఆ రాత్రికి నిర్ణయాలేవీ మిగల్చకుండా

డేటాబేస్ నడపడానికి హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ కలిపి ఒకే పెట్టెగా వచ్చే ఒరాకిల్ డేటాబేస్ అప్లయన్స్‌ని బయట అందరూ ఓడీఏ అంటారు. మా ఆఫీసులో మాత్రం అది ఓడ. విశాఖ పోర్టుకి వచ్చే సరుకు లెక్కలు చూసే సంస్థ మాది, ఆ మూడక్షరాలు కలిపి చదివితే మా నోటికి ఇంకో పేరు రాదు. రెండు నోడ్‌లు (సర్వర్లు) ఉన్న హెచ్‌ఏ (హై అవైలబిలిటీ) మోడల్, ఒకటి ఆగినా ఇంకోటి పని నడుపుతుంది. బిల్లింగ్, గేట్ పాసులు, కస్టమ్స్ కాగితాలు అన్నీ దాని మీదే నడుస్తాయి. కంటైనర్ ఏ అర్ధరాత్రి దిగినా గేటు దగ్గర లారీ డ్రైవర్ చేతికి స్లిప్ రావాలంటే ఈ పెట్టె బతికుండాలి.

దీనికి ప్యాచ్, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్, వేసే పని చాలా ఏళ్లుగా నా మీదే ఉంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు ముందుగా అడిగేది, "కమాండ్లు ఏంటి అన్నా?" అని. కమాండ్లు పది పన్నెండుకు మించవు. అసలు పని వాటి ముందుంటుంది. ప్యాచ్ వేసే రాత్రి మనం కొత్తగా తేల్చుకోవాల్సింది ఒక్కటి కూడా ఉండకూడదు. ఏం చేయాలి, ఏది ఆగితే ఎక్కడిదాకా ఎదురుచూడాలి, ఎప్పుడు వెనక్కి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ పగటిపూట, నిద్ర కళ్లలో లేనప్పుడు తేలిపోవాలి. ఈ రాసేదంతా ఆ క్రమంలోనే ఉంటుంది.

కమాండ్ల పేర్లు మనం పలికేలాగే రాస్తున్నాను. ఆప్షన్లతో సహా కచ్చితమైన రూపం మీరు వేయబోయే వెర్షన్ పత్రంలోంచే తీసుకోండి. అవి వెర్షన్‌కీ వెర్షన్‌కీ మారుతుంటాయి.

ముందు ఈ పెట్టె స్వభావం

మామూలు లైనక్స్ సర్వర్ అయితే ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఒకరోజు, డేటాబేస్‌కి ఇంకోరోజు విడివిడిగా ప్యాచ్ వేసుకుంటాం. ఓడీఏలో అలా కుదరదు. బయాస్, ఐలామ్ (సర్వర్‌ని దూరం నుంచి చూసే కంట్రోలర్), డిస్క్ ఫర్మ్‌వేర్, ఒరాకిల్ లైనక్స్, గ్రిడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ (రెండు నోడ్‌లనీ ఒక క్లస్టర్‌గా కలిపే సాఫ్ట్‌వేర్), డేటాబేస్ హోమ్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉండే ఫోల్డర్), వీటన్నిటినీ నడిపే డీసీఎస్ ఏజెంట్, అన్నీ కలిపి ఒకే బండిల్‌గా పరీక్షించి ఇస్తారు. అందుకే ఇందులో విడిగా యమ్ అప్‌డేట్ కొట్టకూడదు. కెర్నల్ మారితే ఏసీఎఫ్ఎస్ (ఒరాకిల్ క్లస్టర్ ఫైల్ సిస్టమ్) డ్రైవర్లు ఆ కెర్నల్‌తో పొసగకపోవచ్చు. అప్పుడు ఫైల్ సిస్టమ్ మౌంట్ కాదు, దాని మీదున్న హోమ్‌లు లేవవు. సెక్యూరిటీ ఆడిట్ వాళ్లు "ఈ ఒక్క ప్యాకేజీ పాతది, ఇవాళే మార్చండి" అని మెయిల్ పెడతారు. వాళ్లతో గొడవ పడక్కర్లేదు. ఇది అప్లయన్స్ అనీ, ఫలానా బండిల్‌తో ఆ లోపం సర్దుకుంటుందనీ రాతపూర్వకంగా జవాబివ్వండి. అలా జవాబిచ్చాక ఆ బండిల్ వేయకుండా ఏడాదిపాటు కూర్చోవడం మాత్రం తప్పు.

ఒరాకిల్ తన క్రిటికల్ ప్యాచ్ అప్‌డేట్‌ని జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల్లో మూడో మంగళవారం విడుదల చేస్తుంది. ఓడీఏ బండిల్ అదే రోజు రాదు, కొన్ని వారాలు ఆగాలి. ఈ ఆలస్యాన్ని లెక్కలో పెట్టుకునే క్యాలెండర్ వేసుకోవాలి.

తేదీ ఎంచుకోవడం

విశాఖలో ఉన్నవాళ్లకి అక్టోబర్, నవంబర్ అంటే తుఫాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న ఊరి మీదే తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక, జనరేటర్‌కి డీజిల్ దొరక్క పడిన బాధ ఇక్కడ సర్వర్ గదులు చూసుకున్నవాళ్లెవరూ మరిచిపోరు. ఫర్మ్‌వేర్ రాస్తున్న నిమిషంలో కరెంటు పోతే బోర్డు మార్చాల్సి రావచ్చు. అందుకే ఆ రెండు నెలల్లో విండో (ప్యాచ్ కోసం సిస్టమ్ ఆపే సమయం) పెట్టుకుంటే, వారం ముందునుంచీ మన ఊళ్లోనే ఉన్న తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ రోజూ చూస్తాం. బంగాళాఖాతంలో అల్పపీడనం అని కనిపిస్తే చాలు, వాయిదా. ఎవరినీ అడగక్కర్లేదని మేనేజ్‌మెంట్ దగ్గర ముందే మాట తీసుకున్నాం.

మిగతా తేదీలు అకౌంట్స్ వాళ్లు చెబుతారు. నెలాఖరు కుదరదు. 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బి రిటర్నులు ఉంటాయి కాబట్టి ఆ పరిసరాలు కూడా కుదరవు. మాకు మిగిలేది 21కీ 26కీ మధ్య వచ్చే శనివారం రాత్రి. మీ సంస్థకి ఇంకో లెక్క ఉంటుంది. ఫార్మా కంపెనీ అయితే బ్యాచ్ రికార్డుల సమయం, ఆసుపత్రి అయితే అసలు ఖాళీ రాత్రే ఉండదు. మీ సిస్టమ్ వాడేవాళ్లని కూర్చోబెట్టి, వాళ్ల నోటితోనే తేదీ చెప్పించండి. మనం చెప్పిన తేదీకి చివరి నిమిషంలో అభ్యంతరం వస్తుంది. వాళ్లు చెప్పిన తేదీకి రాదు.

దారి ఉందా లేదా

ఇప్పుడున్న వెర్షన్ నుంచి వేయాలనుకున్న వెర్షన్‌కి నేరుగా వెళ్లొచ్చా అన్నది రిలీజ్ నోట్స్‌లో పట్టికగా ఉంటుంది. చాలా వెనకబడి ఉంటే మధ్యలో ఒక మజిలీ తప్పదు, అంటే రెండు రాత్రులు. వెనకబడే కొద్దీ పని రెట్టింపవుతుంది. నేను మూడు నెలలకోసారి కుదరకపోయినా ఆరు నెలలకోసారి తప్పనిసరి అని పట్టుబట్టేది ఇందుకే.

ఇంకా ఒరాకిల్ లైనక్స్ 7 మీద ఉన్న పెట్టెలుంటే వాటి సంగతి వేరు. దాని ప్రీమియర్ సపోర్ట్ 2024 డిసెంబర్‌తో ముగిసింది. 7 నుంచి 8కి వెళ్లడం మామూలు ప్యాచ్ కాదు. డేటా ప్రిజర్వింగ్ రీప్రొవిజనింగ్ అని ఒక పద్ధతి ఉంది. డిటాచ్-నోడ్‌తో ఇప్పుడున్న వివరాలన్నీ భద్రపరిచి, సిస్టమ్ డిస్కుల మీద కొత్త ఇమేజ్ వేసి, ఆ తర్వాత రిస్టోర్-నోడ్‌తో ముందు గ్రిడ్‌ని, తర్వాత డేటాబేస్‌లని నిలబెట్టాలి. డేటాబేస్‌లుండే ఏఎస్ఎం డిస్కుల మీది డేటా అలాగే ఉంటుంది. భద్రపరిచిన ఆ వివరాల ఫైల్‌ని ఇమేజ్ వేసేముందు బయటి మెషీన్‌లోకి కాపీ చేసుకోకపోతే మాత్రం దారి మూసుకుపోతుంది. దాన్ని విడి ప్రాజెక్టుగా చూడండి, మామూలు త్రైమాసిక ప్యాచ్‌తో కలపొద్దు.

డేటా గార్డ్ స్టాండ్‌బై, అంటే ఇంకోచోట తాజాగా ఉంచే నకలు డేటాబేస్, ఉంటే ముందు దానికే ప్యాచ్ వేయాలి. మా స్టాండ్‌బై హైదరాబాద్‌లో ఉంది, ఒకే తుఫాన్‌లో రెండూ పోకూడదని. స్టాండ్‌బైకి వేసి, వారం రోజులు రీడో (అసలు డేటాబేస్ అయిన ప్రైమరీ నుంచి వచ్చే మార్పుల లాగ్) సాఫీగా అప్లై అవుతోందని చూసుకుని, అప్పుడు ప్రైమరీ. డేటాబేస్ లోపలి డిక్షనరీని మార్చే డేటాప్యాచ్ ప్రైమరీలోనే నడుస్తుంది, ఆ మార్పులు రీడో ద్వారా స్టాండ్‌బైకి చేరతాయి. స్టాండ్‌బైలో డేటాప్యాచ్ కాలేదేమిటని కంగారు పడొద్దు.

ఉన్నదంతా రాసుకోవడం

డిస్క్రైబ్-కాంపొనెంట్ కొడితే ఏ భాగం ఏ వెర్షన్‌లో ఉందో వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టండి. తర్వాత ఆ కమాండ్ చెప్పని విషయాలు వెతకాలి. ఇక్కడ తొందరపడొద్దు, ఎందుకంటే రాత్రి వచ్చే సమస్యల్లో చాలా భాగం ఇక్కడే దాక్కుని ఉంటాయి.

మొదటిది, మనం అదనంగా వేసిన ప్యాకేజీలు. యాంటీవైరస్, మానిటరింగ్ ఏజెంట్, ఎవరో ఎప్పుడో కావాలని వేయించుకున్న టూల్. ఓఎస్ ప్యాచ్ సమయంలో వీటి డిపెండెన్సీలు అడ్డం పడతాయి. తీసేయగలిగినవి తీసేసి, తర్వాత మళ్లీ వేసుకోవడమే సుఖం.

రెండోది, డేటాబేస్ హోమ్‌లో విడిగా వేసుకున్న ప్యాచ్‌లు. ఓప్యాచ్ ఎల్ఎస్‌ప్యాచెస్‌తో జాబితా తీయండి. ఒక్కో నంబర్‌కీ ఒకటే ప్రశ్న, ఇది కొత్త ఆర్‌యూలో (రిలీజ్ అప్‌డేట్‌లో) కలిసిందా లేదా? కలవకపోతే కొత్త వెర్షన్‌కి సరిపడే ప్యాచ్ ఉందో లేదో సపోర్ట్‌ని అడగాలి. జవాబు రావడానికి రోజులు పట్టొచ్చు కాబట్టి నెల ముందే అడగండి. ఒకప్పుడు మా బిల్లింగ్‌లో ఒక రిపోర్ట్ తప్పు మొత్తం చూపించే బగ్‌ని అలాంటి విడి ప్యాచ్‌తోనే సరిచేశాం. అది కొత్త హోమ్‌లోకి రాకపోయుంటే సోమవారం పొద్దున్న తప్పుడు బిల్లులు బయటికి వెళ్లేవి.

మూడోది హోమ్ దారి. ఇప్పటి వెర్షన్లలో డేటాబేస్ ప్యాచ్ పాత హోమ్‌లోనే పడదు. కొత్త హోమ్ తయారై, డేటాబేస్ అందులోకి మారుతుంది. వెనక్కి వెళ్లడానికి ఇది మంచిదే. కానీ క్రాన్‌లో (వేళకి పనులు నడిపే షెడ్యూలర్‌లో) ఉన్న స్క్రిప్టుల్లో పాత హోమ్ దారిని ఎవరైనా నేరుగా రాసి ఉంటే, ఆదివారం రాత్రి బ్యాకప్ చడీచప్పుడు లేకుండా ఫెయిలవుతుంది. గ్రెప్ పెట్టి, స్క్రిప్టులు ఉన్న ప్రతి ఫోల్డర్‌లో ఆ దారి కోసం వెతకండి. దొరికిన ప్రతిచోటా, ఏ డేటాబేస్ ఏ హోమ్‌లో ఉందో చెప్పే ఓరాట్యాబ్ ఫైల్‌లోంచి చదివేలా మార్చండి. పాత హోమ్‌లోని టీఎన్ఎస్‌నేమ్స్ ఫైల్ (కనెక్షన్ వివరాలు), వాలెట్ (పాస్‌వర్డ్‌లు, కీలు) లాంటివి కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

నాలుగోది ఎఫ్ఎస్‌ట్యాబ్, సర్వర్ లేచేటప్పుడు ఏవి మౌంట్ కావాలో రాసి ఉండే ఫైల్. దీని కథ తర్వాత చెబుతాను.

హార్డ్‌వేర్ వైపు ఐలామ్‌లోకి వెళ్లి ఫాల్ట్ జాబితా ఖాళీగా ఉందా, రెండు పవర్ సప్లైలూ పనిచేస్తున్నాయా, ఫ్యాన్లు బాగున్నాయా చూడాలి. ఏడాదిపాటు ఆగకుండా తిరిగిన మెషీన్‌లో నీరసపడ్డ భాగం రీబూట్ సమయంలోనే బయటపడుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మా గదిలో ఉప్పుగాలికి స్క్రూలు కూడా తుప్పు పడతాయి. అందుకే విండోకి పది రోజుల ముందు ఈ తనిఖీ చేస్తాం, ఏదైనా మార్చాల్సి వస్తే విడిభాగం ఊరికి చేరడానికి టైమ్ ఉండాలి. ఐలామ్ పాస్‌వర్డ్ కాగితం మీద ఉందని సరిపెట్టుకోవద్దు. లాగిన్ అయి, కన్సోల్ తెరిచి, ప్రాంప్ట్ కళ్లారా చూడండి. రెండు నోడ్‌లకీ.

ఖాళీ జాగా గురించి రిలీజ్ నోట్స్‌లో ఉన్న అంకెలే ప్రమాణం. రూట్, ఆప్ట్, యూ01 మూడూ చూడాలి. పాత లాగ్‌లు, పాత బండిల్ జిప్‌లు తీసేస్తే సాధారణంగా సరిపోతుంది.

వెనక్కి వెళ్లే దారులు

వెనక్కి తెచ్చే సాధనాలు మూడున్నాయి, ఒక్కోటి ఒక్కో పొరని కాపాడుతుంది. ఇది సరిగ్గా అర్థం కాక, స్నాప్‌షాట్ తీశాం కదా అని ధైర్యంగా ఉండేవాళ్లని చూశాను.

ఓడాబీఆర్ అనే టూల్ రూట్, ఆప్ట్, యూ01 ఫైల్ సిస్టమ్‌లకి ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీస్తుంది. ఓఎస్ ప్యాచ్ చెడిపోతే దీనితో పాత స్థితికి రావొచ్చు. షేర్డ్ డిస్కుల మీదున్న డేటాకి దీనికీ సంబంధం లేదు. ఫర్మ్‌వేర్‌ని కూడా ఇది వెనక్కి తేలేదు. వాల్యూమ్ గ్రూపులో ఖాళీ లేకపోతే తీయడమే కుదరదు, కాబట్టి ముందుగా ఆ ఖాళీ చూసుకోవాలి.

డేటాబేస్ లోపలి మార్పులకి గ్యారంటీడ్ రీస్టోర్ పాయింట్, అంటే డేటాబేస్‌ని ఆ క్షణానికి వెనక్కి తిప్పగలిగే గుర్తు. డేటాబేస్ హోమ్ ప్యాచ్ మొదలెట్టే ముందు నిమిషంలో తీయండి. అది ఉన్నంతసేపూ ఫ్లాష్‌బ్యాక్ లాగ్‌లు రెకో అనే డిస్క్ గ్రూపులో పేరుకుంటాయి.

అన్నిటికీ అడుగున ఉండేది ఆర్‌మ్యాన్ (ఒరాకిల్ బ్యాకప్ టూల్) బ్యాకప్. అది ఈ పెట్టె బయట ఉండాలి. ఈ మధ్యకాలంలో ఎప్పుడైనా దాంతో నిజంగా రీస్టోర్ చేసి చూసి ఉండాలి. మేము ప్రతి విండోకి ముందు నెలలో ఒకసారి టెస్ట్ మెషీన్ మీద రీస్టోర్ చేసి, నిన్నటి గేట్ పాస్ ఒకటి తెరిచి చూస్తాం.

పగటి పని: రిపాజిటరీ నుంచి రిపోర్ట్ దాకా

జిప్ ఫైళ్లు దింపాక చెక్‌సమ్ సరిచూడండి. అంత పెద్ద ఫైల్ మధ్యలో తెగినా పేరు, ఐకాన్ మామూలుగానే కనిపిస్తాయి. దింపుకోవాల్సింది సర్వర్ ప్యాచ్ ఒక్కటే కాదు. గ్రిడ్ క్లోన్, డేటాబేస్ క్లోన్ ఫైళ్లు కూడా కావాలి, కొత్త హోమ్ వాటిలోంచే తయారవుతుంది. చాలామంది ఇక్కడే మరిచిపోయి, రాత్రి రెండింటికి ఇంటర్నెట్ స్పీడ్‌తో కుస్తీ పడతారు.

అప్‌డేట్-రిపాజిటరీతో వాటిని ఒక్కొక్కటిగా లోపలికి చేర్చండి. ప్రతి కమాండ్ ఒక జాబ్ ఐడీ ఇచ్చి వెంటనే తిరిగొస్తుంది. పని వెనక నడుస్తుంటుంది. డిస్క్రైబ్-జాబ్‌తో అది సక్సెస్ అయిందని చూశాకే తర్వాతిది కొట్టాలి. ప్రాంప్ట్ తిరిగొచ్చింది కదా అని పనైపోయిందనుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు.

తర్వాత డీసీఎస్ అడ్మిన్, డీసీఎస్ కాంపొనెంట్స్, డీసీఎస్ ఏజెంట్, ఈ వరసలోనే అప్‌డేట్ చేయాలి. వెర్షన్‌ని 19.24.0.0.0 లాగా అయిదు భాగాలతో పూర్తిగా ఇవ్వాలి. డేటాబేస్‌లు దీనివల్ల ఆగవు. ఏజెంట్ మాత్రం ఆగి లేస్తుంది కాబట్టి దాని ద్వారా నడిచే బ్యాకప్ ఆ సమయంలో లేకుండా చూసుకోండి. అప్‌డేట్ అయ్యాక కమాండ్లు కాసేపు ఎర్రర్ ఇస్తే కొద్ది నిమిషాలు ఆగి, పింగ్-ఏజెంట్ కొట్టి చూడండి. మేము ఇదంతా శుక్రవారం మధ్యాహ్నం చేస్తాం. అప్పటినుంచి ప్యాచ్ పూర్తయ్యేదాకా కొత్త డేటాబేస్, కొత్త హోమ్ సృష్టించడం బంద్.

ఇప్పుడు క్రియేట్-ప్రీప్యాచ్‌రిపోర్ట్. నా దృష్టిలో ప్యాచింగ్ అంతా ఈ రిపోర్టే. జాగా, ఓఎస్ డిపెండెన్సీలు, క్లస్టర్ స్థితి, స్నాప్‌షాట్ ఉందా లేదా, గ్రిడ్ హోమ్ సరిగ్గా ఉందా, అన్నీ అది చూసి, ఒక్కో లైన్‌కీ ఫలితం ఇస్తుంది. ఫెయిల్ అని వచ్చిన ప్రతిదానికీ కారణం అక్కడే రాసి ఉంటుంది. దాన్ని సరిచేసి, మళ్లీ రిపోర్ట్ తీయాలి. స్నాప్‌షాట్ గురించిన లైన్ ఒక్కటి తప్ప, అది రాత్రి తీస్తాం కాబట్టి, మిగతావన్నీ సాఫీగా ఉండాలి. హెచ్చరికలు కూడా పక్కన పడేయొద్దు. ఒక్కో హెచ్చరిక ఎదురుగా పెన్‌తో "ఎందుకు పర్వాలేదు" అని ఒక వాక్యం రాస్తాం. ఆ వాక్యం రాయలేకపోతే పర్వాలేదు అనడానికి లేదు. అడ్డంకులని దాటేసి బలవంతంగా నడిపించే ఫోర్స్ ఆప్షన్ ఉంటుంది. సపోర్ట్ ఇంజినీర్ ఫలానా కారణానికి వాడమని రాతపూర్వకంగా చెబితే తప్ప దాని జోలికి వెళ్లొద్దు.

శుక్రవారం రిపోర్ట్ బాగా వస్తే శనివారం రాత్రి ఉంటుంది. రాకపోతే వాయిదా. ఈ మాట మీద మేము ఎప్పుడూ నిలబడ్డాం.

ఆ రాత్రి

పది గంటలకి అప్లికేషన్ ఆపుతాం. షెడ్యూలర్ జాబ్‌లు, క్రాన్ ఆపుతాం. మానిటరింగ్‌లో బ్లాక్‌అవుట్ పెడతాం, లేకపోతే పెద్దసార్ ఫోన్‌కి అలర్ట్‌లు వెళ్లి ఆయన మనకి ఫోన్ చేస్తూ ఉంటారు. ఏఎస్ఎంలో రీబ్యాలెన్స్ (డిస్కుల మధ్య డేటా సర్దుబాటు) ఏదీ నడవట్లేదని చూస్తాం. రెండు నోడ్‌లలో ఓడాబీఆర్ స్నాప్‌షాట్. ప్రీప్యాచ్ రిపోర్ట్ చివరిసారి. ఐలామ్ కన్సోల్‌లు రెండు విండోల్లో తెరిచి పక్కన పెట్టుకోవాలి.

అప్పుడు సర్వర్ ప్యాచ్. కొంతకాలం కిందటి వెర్షన్లలో అప్‌డేట్-సర్వర్ ఒక్కటే ఓఎస్, ఫర్మ్‌వేర్, గ్రిడ్ అన్నిటినీ చూసుకునేది. కొత్తవాటిలో సర్వర్ కాంపొనెంట్స్ వేరు, గ్రిడ్ హోమ్ వేరు. మీ వెర్షన్ పత్రం ఏది చెబితే ఆ వరస. ఎస్ఎస్‌హెచ్ తెగినా జాబ్ ఆగదు, ఏజెంట్ దాన్ని నడిపిస్తూనే ఉంటుంది. మళ్లీ లాగిన్ అయి, లిస్ట్-జాబ్స్ కొట్టి, డీసీఎస్ ఏజెంట్ లాగ్ చూస్తూ కూర్చోవచ్చు. బయాస్, ఐలామ్ ఫర్మ్‌వేర్ మారేటప్పుడు కన్సోల్ చాలాసేపు నల్లగా ఉంటుంది. ఐలామ్ కనెక్షన్ కూడా పోతుంది. చెయ్యి కదపొద్దు.

ఎఫ్ఎస్‌ట్యాబ్ కథ ఇక్కడిదే. కొన్నేళ్ల కిందట ఒక విండోలో రెండో నోడ్ రీబూట్‌కి వెళ్లి తిరిగి రాలేదు. ఇరవై నిమిషాలు గడిచాయి. నా పక్కన కూర్చున్న కుర్రాడు చెమటలు తుడుచుకుంటూ, "అన్నా, ఐలామ్‌లోంచి పవర్ రీసెట్ కొట్టేద్దామా?" అన్నాడు. "వద్దురా, ముందు కన్సోల్ చదువు" అన్నాను. తెర మీద ఒకే లైన్. బ్యాకప్ మౌంట్ పేరు, దాని పక్కన "స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని, ఎర్ర నక్షత్రాలు అటూ ఇటూ కదులుతున్నాయి, సెకన్లు పెరుగుతున్నాయి. నోడ్ ఇంకా కిందకే దిగలేదు. ఎన్ఎఫ్ఎస్ మౌంట్‌ని (నెట్‌వర్క్ మీద తగిలించిన ఫోల్డర్‌ని) విడదీయడానికి చూస్తోంది, అవతల బ్యాకప్ సర్వర్ పలకడం లేదు. ఎందుకు పలకదంటే, బ్యాకప్ టీమ్ వాళ్లు కూడా అదే శనివారం రాత్రిని తమ మెయింటెనెన్స్‌కి ఎంచుకుని దాన్ని ఆపేశారు. మా మెయిల్ వాళ్లకి వెళ్లలేదు, వాళ్ల మెయిల్ మాకు రాలేదు.

ఫోన్ చేసి ఆ సర్వర్‌ని లేపించాం. అది లేచిన కాసేపటికి నోడ్ తనంతట తనే మౌంట్ వదిలి, రీబూట్ అయి, ప్యాచ్ కొనసాగింది. అప్పుడే ఫ్లాస్క్‌తో టీ తెచ్చిన సెక్యూరిటీ ఆయన తలుపు దగ్గర నిలబడి, "ఏటి బాబూ, ఇంకా అవనేదా?" అని అడిగారు. ఆ కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలి, "ఇప్పుడు దారిలో పడింది బాబాయ్" అన్నాడు. ఆ గంటసేపు పడిన టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

పవర్ రీసెట్ కొట్టి ఉంటే సగం రాసిన స్థితిలో ప్యాచ్ తెగేది. ఆ రోజు నుంచి మా చెక్‌లిస్ట్‌లో రెండు లైన్లు చేరాయి. శనివారం సాయంత్రమే ఎన్ఎఫ్ఎస్ మౌంట్‌లన్నీ విడదీసి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ లైన్లు పనిచేయకుండా ముందు హ్యాష్ (#) పెట్టాలి. ఈ పెట్టెతో తీగ కలిసిన ప్రతి టీమ్‌నుంచీ "ఆ రాత్రి మా పని ఏదీ లేదు" అని జవాబు తెప్పించుకోవాలి. మెయిల్ పంపాం అంటే చాలదు, జవాబు రావాలి.

సర్వర్ భాగం అయ్యాక క్లస్టర్ పూర్తిగా లేచిందా చూడండి. క్లస్టర్‌ని చూసే సీఆర్ఎస్‌సీటీఎల్ కమాండ్‌తో యాక్టివ్ వెర్షన్ అడిగితే స్థితి నార్మల్ అని రావాలి. రోలింగ్ ప్యాచ్ అని కనిపిస్తే రెండు నోడ్‌లూ ఒకే స్థాయికి రాలేదన్నమాట, అక్కడే ఆగాలి.

తర్వాత అప్‌డేట్-స్టోరేజ్. డిస్కుల, కంట్రోలర్ల ఫర్మ్‌వేర్ ఇది. హెచ్‌ఏ మోడల్‌లో రోలింగ్‌గా చేయొచ్చు. ముందూ తర్వాతా డిస్కులన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

డేటాబేస్ హోమ్

లిస్ట్-డీబీహోమ్స్‌తో ఐడీలు తీసుకుని, ఒక్కో హోమ్‌కీ విడిగా ప్రీప్యాచ్ రిపోర్ట్ తీయాలి. దీన్నీ శుక్రవారమే ఒకసారి తీసి చూసుకుంటాం. రీస్టోర్ పాయింట్ తీశాక అప్‌డేట్-డీబీహోమ్. ఒక హోమ్‌లో ఉన్న డేటాబేస్‌లన్నీ కలిసే కదులుతాయి. టెస్ట్‌కీ ప్రొడక్షన్‌కీ ఒకే హోమ్ ఉంటే టెస్ట్‌లో ముందు చూసుకునే అవకాశమే ఉండదు. కాబట్టి హోమ్‌లు విడిగా ఉంచండి.

హోమ్ మారడం సగం పని. కొత్త హోమ్‌కి తగ్గట్టు డేటాబేస్ లోపలి డిక్షనరీ మారడం మిగతా సగం, అది డేటాప్యాచ్ చేస్తుంది. అప్‌డేట్-డీబీహోమ్ దాన్ని తనే నడుపుతుంది గానీ ఫలితం మనమే చూడాలి. ముఖ్యంగా పీడీబీలు, అంటే ఒక డేటాబేస్ లోపల ఉండే ప్లగబుల్ డేటాబేస్‌లు. ఆ సమయంలో ఓపెన్‌గా లేని పీడీబీకి డేటాప్యాచ్ వర్తించదు. తర్వాత ఎప్పుడో దాన్ని తెరిస్తే రిస్ట్రిక్టెడ్ మోడ్‌లో తెరుచుకుని, యూజర్లకి లాగిన్ దొరకదు. కారణం పీడీబీ ప్లగ్ ఇన్ వయొలేషన్స్ వ్యూలో ఉంటుంది. అందుకే మొదలెట్టే ముందు పీడీబీలన్నీ రీడ్ రైట్‌లో తెరిచి ఉంచండి, ఎవరూ వాడని పాతవి కూడా.

డీబీఏ రిజిస్ట్రీ ఎస్‌క్యూఎల్‌ప్యాచ్ వ్యూలో ప్రతి పీడీబీలో సక్సెస్ కనిపించాలి. ఇన్‌వ్యాలిడ్ ఆబ్జెక్టుల సంఖ్యని ముందు రాసుకున్న సంఖ్యతో పోల్చాలి. పెరిగితే వాటిని మళ్లీ కంపైల్ చేసే యూటీఎల్ఆర్‌పీ స్క్రిప్ట్ నడిపి మళ్లీ చూడాలి. రెండు నోడ్‌ల అలర్ట్ లాగ్‌లూ చివరిదాకా చదవాలి. డిస్క్రైబ్-కాంపొనెంట్ మళ్లీ తీసి, మొదటి ప్రింట్ పక్కన పెట్టి లైన్ లైన్ సరిచూడాలి.

ఇవన్నీ బాగున్నా అప్లికేషన్ వాళ్లు చెప్పేదాకా పని అయినట్టు కాదు. మా దగ్గర బిల్లింగ్ నుంచి ఒకరు, గేటు నుంచి ఒకరు తెల్లవారుజామున వచ్చి, ఒక నిజమైన బిల్లు, ఒక నిజమైన గేట్ పాస్ తీసి, ప్రింట్ మీద సంతకం పెడతారు. స్క్రీన్ తెరుచుకుంటోంది అన్న మాట మాకు సరిపోదు. ప్రింటర్‌లోంచి కాగితం రావాలి.

ఎప్పుడు వెనక్కి

మా గీత తెల్లవారుజామున నాలుగు. ఆ సమయానికి సర్వర్ భాగం ముగిసి క్లస్టర్ నార్మల్‌గా లేకపోతే డేటాబేస్ హోమ్‌ల జోలికి వెళ్లం. పాత డేటాబేస్ హోమ్ కొత్త గ్రిడ్ మీద నడుస్తుంది కాబట్టి హోమ్ ప్యాచ్‌ని ఇంకో రాత్రికి పెట్టుకోవడంలో ఇబ్బంది లేదు. ఓఎస్ దగ్గరే చెడితే సపోర్ట్ మాట తీసుకుని స్నాప్‌షాట్‌కి వెళ్లాలి. ఆ మాట త్వరగా దొరకడానికి, వారం ముందే ఫలానా రాత్రి ఫలానా ప్యాచ్ వేస్తున్నామని సర్వీస్ రిక్వెస్ట్ తెరిచి, ప్రీప్యాచ్ రిపోర్ట్ అందులో జతచేసి ఉంచుతాం. జాబ్ ఫెయిలైతే అదే కమాండ్‌ని గుడ్డిగా మళ్లీ కొట్టొద్దు. ఏ టాస్క్ దగ్గర ఆగిందో డిస్క్రైబ్-జాబ్ చెబుతుంది, ఆ టాస్క్ సమయానికి ఏజెంట్ లాగ్‌లో కారణం ఉంటుంది. కారణం సరిచేశాక మళ్లీ కొట్టొచ్చు. డయాగ్నస్టిక్ ఫైళ్లు సేకరించడం మాత్రం వెనక్కి వెళ్లే ముందే అయిపోవాలి. తర్వాత ఆ ఆనవాళ్లు దొరకవు.

సోమవారం

ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో హ్యాష్ తీసేసి మౌంట్‌లు కలపడం, క్రాన్ తిరిగి పెట్టడం, తీసేసిన ఏజెంట్లు మళ్లీ వేయడం ఆదివారమే అయిపోతాయి. కొత్త హోమ్‌లోంచి ఒక పూర్తి బ్యాకప్ కూడా ఆదివారమే తీస్తాం.

సోమవారం రద్దీ ఒక పూట గడిచి, ఏ రిపోర్టూ నెమ్మదించలేదని తేలాక స్నాప్‌షాట్‌లు తీసేస్తాం. వీటిని వారాల తరబడి వదిలేస్తే మార్పులన్నీ వాటిలోకి చేరి, నిండిపోయిన స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది. ఉందన్న భ్రమ తప్ప ఉపయోగం ఉండదు. రీస్టోర్ పాయింట్‌ని మరిచిపోతే ఇంకా ప్రమాదం. రెకో నిండి డేటాబేస్ ఆగిపోతుంది. తీసేశాక వీ డాలర్ రీస్టోర్ పాయింట్ వ్యూలో ఏమీ మిగల్లేదని చూడండి. పాత హోమ్‌ని మేము రెండు వారాలు ఉంచి, క్రాన్ స్క్రిప్టులన్నీ కనీసం ఒక్కసారైనా కొత్త హోమ్‌లోంచి నడిచాయని చూశాక తీసేస్తాం. రిపాజిటరీలోని జిప్‌లకి క్లీనప్-ప్యాచ్‌రెపో ఉంది.

చివరిగా రిజిస్టర్. మొదలైన సమయం, ప్రతి జాబ్ ఐడీ, ఒక్కోటి ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగాం, ఎవరికి ఫోన్ చేశాం, అన్నీ చేత్తో రాసి, ఆ రాత్రి పనిచేసినవాళ్లంతా సంతకం పెడతాం. కింద తర్వాతి బండిల్ వచ్చే నెల, అకౌంట్స్ వాళ్లు చెప్పిన శనివారం తేదీ రాసి, ఆ పేజీ ఫోటో తీసి బ్యాకప్ టీమ్‌కి పంపుతాం.